ఓటుకీ ఓటుకీ మధ్య ఐదేళ్లు: డెల్టా ఊళ్లలో సంఘాల పని

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ప్రాంతం నుంచి ఒక యువకుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "మా ఊళ్లో నీటి సంఘం ఉంది, రైతుల సహకార సొసైటీ ఉంది, డ్వాక్రా సంఘాలున్నాయి, యువజన సంఘం ఉంది, కులానికో సంఘం ఉంది. అన్నీ ఏదో ఒక పార్టీ మనుషుల చేతుల్లోనే ఉన్నాయి. ఐదేళ్లకోసారి ఓటు ఎలాగూ వేస్తున్నాం. ప్రజాస్వామ్యం నిలబడటానికి ఈ సంఘాల వల్ల నిజంగా ఒరిగేదేమైనా ఉందా? మేం పదిమందిమి కలిసి కొత్త సంఘం పెట్టాలనుకుంటున్నాం. పెట్టమంటారా, వద్దంటారా?"

బాబూ, పెట్టమనే చెబుతాను. కానీ ఉన్నవి అలా ఎందుకు తయారయ్యాయో ముందు తెలుసుకోండి. లేకపోతే మీది కూడా రెండేళ్లలో ఆ వరసలోనే చేరుతుంది. నేను ఉభయ గోదావరి జిల్లాల్లో చాలా ఏళ్లు మహిళా సమాఖ్యలకీ నీటి సంఘాలకీ శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను. రికార్డులు రాయించడం దగ్గర్నుంచి తగాదాలు తీర్చడం దాకా దగ్గరుండి చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఓటు వేసిన మర్నాటి నుంచి మళ్లీ ఓటు వేసే దాకా ఊళ్లో వందల నిర్ణయాలు జరిగిపోతుంటాయి. కాలువ ఎప్పుడు కట్టేస్తారు, మంచినీటి చెరువు ఎప్పుడు నింపుతారు, డ్రెయిన్లో గుర్రపుడెక్క ఎవరు తీస్తారు, ధాన్యం ఎవరు కొంటారు, రుణం ముందు ఎవరికి ఇస్తారు. వీటిలో ఏ ఒక్కదానికీ మనం ఓటు వేయం. ఎమ్మెల్యే ఒక్కరూ ఇవన్నీ చూడలేరు. చూద్దామనుకున్నా ఆయన గుమ్మం దాకా వెళ్లగలిగేది కొందరే. ఒంటరిగా అర్జీ పట్టుకుని వెళ్లిన రైతు ఆఫీసు వరండాలో నిలబడి ఉంటాడు. అదే రైతు తీర్మానం కాపీతో, పాతిక మంది సంతకాలతో, మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్తే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు కుర్చీ చూపిస్తారు. ఆ తేడా నేను ఎన్నోసార్లు చూశాను.

దీనికంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది. తను అప్పు తెచ్చుకున్న మోతుబరి ఎదురుగా కూర్చుని "అది కాదండీ" అనగలగడం, తన మాట నెగ్గకపోయినా అలిగి వెళ్లిపోకుండా వచ్చే నెల మీటింగుకి రావడం, పదిమంది డబ్బుకి పదిమంది ముందు లెక్క చెప్పడం, ఇవి ఎవరికీ పుట్టుకతో రావు. బళ్లో చెప్పరు. పోలింగు బూత్‌లో ఒక నిమిషం ఉండి వస్తే అబ్బవు. నెలనెలా కూర్చునే సంఘంలోనే అలవాటవుతాయి. రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న అంబేద్కర్ చేసిన ప్రసంగంలో ముఖ్యమైన హెచ్చరిక ఇదే: సామాజిక ప్రజాస్వామ్యం పునాదిగా లేకపోతే రాజకీయ ప్రజాస్వామ్యం ఎక్కువ కాలం నిలవదని. ఆ పునాది ఢిల్లీలో పడేది కాదు, మన రామాలయం అరుగు మీద, ఎస్సీ పేట కమ్యూనిటీ హాల్లో, కాలువ గట్టు మీద పడాలి.

డెల్టాలో ఈ సంగతి నీళ్ల దగ్గర తేటగా కనిపిస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఇక్కడి పొలాలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిపోయాయి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు ఒక్క నది మీద బతుకుతోంది. పై ఊరు ఒక తూము ఎక్కువ ఎత్తితే కింద ఊరికి తగ్గుతుంది. సార్వాలో, అంటే ఖరీఫ్ పంటకాలంలో, నదికి నీళ్లు పుష్కలంగా ఉంటాయి కాబట్టి అప్పుడు బాధంతా ముంపుతోనే. దాళ్వాలో, అంటే రబీలో, నది సన్నబడి, సీలేరు నుంచి వదిలే నీళ్ల కోసం ఎదురుచూసే రోజుల్లో అసలు పరీక్ష వస్తుంది. వంతులవారీ పెడతారు. ఇన్ని రోజులు పై ఊళ్లకి, ఇన్ని రోజులు కాలువ చివర ఉన్న శివారు ఊళ్లకి. కాగితం మీద అది చాలా న్యాయంగా ఉంటుంది. రాత్రి పన్నెండు తర్వాత తూము దగ్గర ఏం జరుగుతుందో కాగితానికి తెలియదు.

పశ్చిమ డెల్టాలో ఒక శివారు ఊరి సంగతి చెబుతాను. మార్చి మొదటి వారం, వరి పొట్ట మీద ఉంది. శివారు వంతు వచ్చి మూడు రోజులైనా బోదెలోకి, అంటే పొలాలకి నీళ్లు తెచ్చే పిల్లకాలువలోకి, చుక్క రాలేదు. కింద రైతులు కర్రలు పట్టుకుని పై తూము దగ్గరికి బయల్దేరారు. నీటి సంఘం అధ్యక్షుడు వాళ్లను మధ్యలో ఆపి, పై ఊరి సభ్యులకి ఫోన్ చేసి, అక్కడే గట్టు మీద మీటింగు పెట్టించాడు. గంటన్నర అరుపులు. పై ఊరివాళ్లు "మా చేను కూడా బీటలు వారింది, వచ్చి చూడండి" అన్నారు. కాలువ తూములు చూసుకునే లస్కరు "నేనొక్కణ్ని, నాకు నాలుగు తూములు, రాత్రిపూట ఎక్కడని కాపలా కాయను?" అన్నాడు. ఆఖర్న ఒక కౌలు రైతు లేచాడు. "నాకు సంఘంలో ఓటు లేదండి, కానీ మూడెకరాలకీ పెట్టుబడి నాదే. నన్నొక మాట చెప్పనివ్వండి. పై ఊరివాళ్లు ఇద్దరు, మేమిద్దరం కలిసి రాత్రిళ్లు తూము దగ్గర పడుకుంటాం. ఎవరి మీద ఎవరికీ అనుమానం ఉండదు." అధ్యక్షుడు దాన్నే తీర్మానంగా రాయించాడు. ఏ రాత్రి ఎవరెవరు కాపలా, తూము ఎన్ని అంగుళాలు ఎత్తాలి, అన్నీ పుస్తకంలో ఎక్కించి అందరి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. నకలు కాగితం తూము గోడకి అంటించారు. మూడో రోజుకి శివారు బోదెలో నీళ్లు పారాయి. కొందరికి పంట కొంత దెబ్బతింది, అది నిజమే. కానీ తలలు పగల్లేదు, పోలీసు కేసు లేదు, మరుసటి ఏడాది దాళ్వాకి అదే పద్ధతి ముందే రాసుకున్నారు.

ఆ పూట అక్కడ జరిగింది ఏ ఎన్నికకీ తీసిపోని ప్రజాస్వామ్యం అని నా అభిప్రాయం. ఓటు లేని మనిషి మాట నెగ్గింది. పేచీ ఉన్న రెండు పక్షాలూ కలిసి కాపలా కాశాయి. నిర్ణయం అందరికీ కనపడేలా గోడ మీద ఉంది.

ఆ సంఘం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1997లో మన రాష్ట్రం రైతుల నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టం తెచ్చింది. దేశంలో ఇంత పెద్దగా రైతుల చేతికి కాలువల నిర్వహణ ఇవ్వడం అదే మొదటిసారి. ఆ ఏడాది జూన్‌లో ఉమ్మడి రాష్ట్రమంతటా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకి ఎన్నికలు పెట్టారు. కింద సంఘం, దాని పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆ పైన ప్రాజెక్టు కమిటీ. ఆయకట్టులో భూమి ఉన్న ప్రతివాళ్లకీ ఓటు. ఎకరం ఉన్నా ఒకటే ఓటు, యాభై ఎకరాలున్నా ఒకటే ఓటు. పనిచేయని అధ్యక్షుణ్ని గడువు మధ్యలోనే దించేసే రీకాల్ హక్కు కూడా చట్టంలో పెట్టారు. ఎమ్మెల్యే విషయంలో లేని హక్కు నీటి సంఘంలో సామాన్య రైతుకి ఉందన్నమాట. ఈ సంగతి చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు.

తర్వాత ఏమైంది? ఎన్నికలు గాడి తప్పాయి. ఏళ్ల తరబడి చాలా సంఘాలకి ఎన్నికైన కార్యవర్గమే లేకుండా పోయింది. అధికారులో, ప్రభుత్వం వేసిన మనుషులో నడిపారు. మళ్లీ రాష్ట్రవ్యాప్తంగా ఎన్నికలు జరిగింది 2024 డిసెంబరులో. సొసైటీల పరిస్థితి ఇంకా దారుణం. మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకి 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత చాలాకాలం గడువు పొడిగింపులతోనూ, నియమించిన త్రిసభ్య కమిటీలతోనూ లాక్కొచ్చారు. ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ మనిషి సొసైటీ కుర్చీలో కూర్చుంటాడు. రైతు వాటా ధనం కట్టాడు, ఎరువు అక్కడే కొంటాడు, అప్పు అక్కడే తెస్తాడు, కానీ దాన్ని ఎవరు నడపాలో చెప్పే వీలు లేదు. "అన్నీ పార్టీల చేతుల్లో ఉన్నాయి" అని మీరు బాధపడ్డారు చూడండి, దానికి అసలు కారణం ఇక్కడుంది. సభ్యులు ఎన్నుకోని కార్యవర్గం సభ్యులకి జవాబు చెప్పదు, తనను నియమించినవాళ్లకే చెబుతుంది. ఒక పార్టీ చెడ్డది, ఇంకో పార్టీ మంచిది అనే తేడా ఇందులో నాకు కనపడలేదు.

ఏకగ్రీవం గురించి కూడా ఒక మాట. మన ప్రాంతంలో ఏకగ్రీవం అంటే గొప్ప. ఏకగ్రీవ పంచాయతీలకి ప్రభుత్వాలు నజరానాలు కూడా ప్రకటించాయి. ఊరంతా కూర్చుని, అందరూ మాట్లాడుకుని ఒక మనిషిని అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. కానీ నేను చూసినవాటిలో ఎక్కువభాగం నలుగురు పెద్దలు ముందురోజు రాత్రి ఎవరింట్లోనో తేల్చేసి, పొద్దున్నే మిగతావాళ్ల చేత చప్పట్లు కొట్టించినవే. పోటీ ఉంటే అభ్యర్థి శివారు దాకా నడిచి వచ్చి ఓటు అడగాలి. "మురుగు కాలువ సంగతి ఏం చేస్తావు?" అని అక్కడి ఆడవాళ్లు నిలదీస్తారు. ఏకగ్రీవంలో ఆ నడక ఉండదు.

కౌలు రైతు మాట వచ్చింది కాబట్టి అది పూర్తి చేస్తాను. గోదావరి డెల్టాలో చేను దున్నేది ఎక్కువగా కౌలుదార్లే. యజమానులు హైదరాబాదులోనో, అమెరికాలోనో, లేకపోతే పక్క టౌన్‌లోనో ఉంటారు. నీటి సంఘం చట్టం కౌలుదారుణ్ని కాదనలేదు. రికార్డుల్లో పేరుంటే అతనికీ సభ్యత్వం ఉంది. కానీ రికార్డులో పేరెక్కాలి కదా! 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. రెండో చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు సంతకం పెట్టరు. ఫలితంగా పంట పండించేవాడికి నీటి సంఘంలో ఓటు ఉండదు, పొలం మొహం చూడని ఆయనకి ఉంటుంది. మీ సంఘంలో ఈ తప్పు జరగనివ్వకండి. చట్టం ఓటు ఇచ్చినా ఇవ్వకపోయినా, మీ మీటింగులో కౌలుదారుకి కుర్చీ, మాట్లాడే వంతు ఉండాలి.

ఆడవాళ్ల సంఘాల విషయంలో నాకు ఎక్కువ ఆశ ఉంది, ఎక్కువ బాధా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్య తరగతులకి వచ్చిన ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ నిప్పు జిల్లాలు దాటి, 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం దాకా తీసుకెళ్లింది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు పెరిగాయి. అప్పటికే ఉన్న డ్వాక్రా పథకానికి జీవం వచ్చింది. 2000 తర్వాత పేదరిక నిర్మూలన కోసం వచ్చిన వెలుగు కార్యక్రమంతో సంఘాల పైన గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య ఏర్పడ్డాయి.

కోనసీమలో ఒక గ్రామ సమాఖ్య మీటింగు నాకు బాగా గుర్తుంది. చాప మీద ఇరవై మంది దాకా కూర్చున్నారు. బుక్ కీపర్ అమ్మాయి ఆ నెల లెక్క గబగబా చదివేసి పుస్తకం మూయబోయింది. వెనక కూర్చున్న ఒక పెద్దావిడ, చదువు రానిది, "అమ్మాయ్, ఆగు. మన సంఘం కట్టిన కిస్తీ ఎంతని చదివావు?" అంది. ఆ అమ్మాయి చెప్పింది. ఈవిడ కొంగు ముడి విప్పి, బ్యాంకు కౌంటర్ రసీదు తీసి చూపించింది. రెండిటికీ తేడా ఉంది. గదిలో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. లీడరు మొహం మాడ్చుకుంది. బ్యాంకుకి వెళ్లి చూస్తే అది వేరే సంఘం ఖాతాలో పడిందని తేలింది, ఎవరూ తినలేదు. అయినా ఆ రోజు నుంచి ఆ సమాఖ్యలో రసీదులన్నీ చాప మీద పరిచి, ఒక్కొక్కటీ పైకి చదివాకే తీర్మానం పుస్తకంలో సంతకాలు పెడుతున్నారు. ఆ పెద్దావిడే తర్వాత గ్రామసభలో లేచి, పంచాయతీకి వచ్చిన ఆర్థిక సంఘం నిధుల్లో మంచినీళ్లకి, పారిశుధ్యానికి వేరుగా పెట్టాల్సిన భాగం ఎక్కడ ఖర్చయిందని అడిగింది. చాప మీద అడగడం అలవాటైన నోరు గ్రామసభలో ఊరుకోదు. స్థానిక సంస్థల్లో ఆడవాళ్లకి సగం సీట్లు 2013 ఎన్నికల నుంచి అమల్లోకి వచ్చాయి. భర్త వెనకే నడిచే సర్పంచులకీ సొంతంగా ఫైలు చదివే సర్పంచులకీ తేడా ఎక్కడొచ్చిందని చూస్తే, రెండో రకంలో చాలామంది ముందు సమాఖ్యలో లీడర్లుగా చేసినవాళ్లే.

మరి బాధ ఎందుకంటే, ఇన్ని వేల సంఘాలు చేతిలో ఉండేసరికి ప్రతి ప్రభుత్వానికీ అవి జనాన్ని పోగేసే యంత్రాల్లా కనిపిస్తున్నాయి. ముఖ్యమంత్రి సభకి రాకపోతే రుణం ఆగుతుందని, పథకం పోతుందని బెదిరించిన సందర్భాలు మీరూ వినే ఉంటారు. పని మానుకుని, పిల్లల్ని చంకనేసుకుని బస్సెక్కిన ఆడవాళ్లని ఎంతమందినో చూశాను. దీన్ని గట్టిగా ఖండించాలి. సంఘం డబ్బు సభ్యులది, రుణం వాళ్లు కష్టపడి తీర్చేది. ఎవరి సభకి వెళ్లాలో వాళ్ల ఇష్టం. మీ ఊరి సమాఖ్య ఆ మాట తీర్మానంగా రాసుకోగలిగితే, మీరు వెనక నిలబడండి.

సంఘాలు పెట్టుకోవడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన వెనక ఒక సమాజం, దానికి సభ్యులు, చందాలు, వెలివేతకి ఎదురు నిలిచిన స్నేహితులు ఉన్నారు. తర్వాత తన ఆస్తినంతా హితకారిణి సమాజానికి రాసిచ్చాడు. మన కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టి, పల్లెపల్లెకీ పఠన మందిరాల ఉద్యమాన్ని తీసుకెళ్లారు. సాయంత్రం ఒకరు పేపరు పైకి చదివితే చదువురానివాళ్లు చుట్టూ కూర్చుని వినేవాళ్లు, వాదించుకునేవాళ్లు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఇప్పటికీ ఆ కాలానికి సాక్షిగా ఉంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపిన చిన్న పిల్ల దుర్గాబాయి, ఆ తర్వాత రాజ్యాంగ సభ సభ్యురాలైంది. ఓటు హక్కు అందరికీ రాకముందే డెల్టా జనం సంఘాల్లో కూర్చుని ప్రజాస్వామ్యాన్ని సాధన చేశారు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఇప్పటికీ కడుతున్నాం. మీ ఊరి లైబ్రరీ తెరుస్తున్నారో లేదో ఒకసారి చూసి రండి.

ప్రభుత్వాన్ని కాదనగలిగే సంఘాలు కూడా కావాలి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మద్దతు ధర గిట్టక, కూలి ఖర్చులు పెరిగి, డ్రెయిన్లు పూడిపోయి ఏటా ముంపులో మునిగి విసిగిపోయి, వేల ఎకరాలు నాటకుండా వదిలేశారు. దేశమంతా ఇటు చూసింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయాల్సి వచ్చింది. రాళ్లు రువ్వలేదు, బస్సులు తగలబెట్టలేదు. ఊరూరా మీటింగులు పెట్టి, కలిసి నిర్ణయం తీసుకున్నారు. రైతు సంఘాలకి అంత బలం ఉందని అప్పుడు తెలిసింది. కానీ అదే సమయంలో నాట్లకి వెళ్లే కూలీల ఇళ్లలో ఆ సీజన్ పని లేకుండా పోయింది. ఆ నిర్ణయం తీసుకున్న మీటింగుల్లో వాళ్లు లేరు. ఆ ఉద్యమాన్ని గౌరవిస్తూనే ఈ మాట చెబుతున్నాను. అలాగే భీమవరం దగ్గర తుందుర్రు పరిసర ఊళ్ల జనం, ముఖ్యంగా ఆడవాళ్లు, ఆక్వా పార్కు వ్యర్థాలు గొంతేరు డ్రెయిన్లో కలుస్తాయని ఏళ్ల తరబడి ఎదురు తిరిగారు. 144 సెక్షన్లు, అరెస్టులు భరించారు. వ్యర్థాల్ని పైపులైనుతో సముద్రం దాకా తీసుకెళ్తామని ప్రభుత్వం చేత చెప్పించారు. అలాంటి సంఘాన్ని అభివృద్ధికి అడ్డమని తిట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ కాలువ నీళ్లే తమ పశువులకి తాగించాల్సినవాళ్లకి అడిగే హక్కు లేదంటే ఇక ఓటు ఎందుకు?

ఇప్పుడు కష్టమైన విషయం. అన్ని సంఘాలూ ప్రజాస్వామ్యానికి మేలు చేయవు. మన జిల్లాల్లో కుల సంఘాలకి ఉన్న బలం ఇంకే సంఘానికీ లేదు. కల్యాణ మండపాలు కట్టాయి, పేద పిల్లలకి హాస్టళ్లు పెట్టాయి, ఆ మేలు కాదనను. కానీ మన మనుషులతో మాత్రమే కూర్చుంటే అవతలివాళ్ల గురించి విన్నదంతా నిజమనిపిస్తుంది. 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. కొత్త జిల్లాకి అంబేద్కర్ పేరు చేర్చడం మీద మొదలైన నిరసన ఇళ్లు తగలబెట్టే దాకా వెళ్లింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలాయి. కొన్ని రోజులు కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. ఆ కుర్రాళ్లలో చాలామంది మీ వయసువాళ్లే. వాట్సాప్ గ్రూపుల్లో ఒకరినొకరు రెచ్చగొట్టుకున్నారు. వాళ్లకి ఫోన్లో వందల మంది సభ్యులున్న గ్రూపులున్నాయి కానీ, పక్క పేట కుర్రాడితో కలిసి కూర్చుని ఒక పని చేసిన సంఘం ఒక్కటీ లేదు. అదే మనసుని తొలిచేస్తోంది నాకు. నీటి సంఘంలో, స్వయం సహాయక సమాఖ్యలో, తుఫాను వచ్చినప్పుడు స్కూల్లో కలిసి వంట వండిన కమిటీలో వేర్వేరు కులాలవాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. కోపం వచ్చినప్పుడు ఫోన్ చేసి "ఏంట్రా ఇది, నిజమేనా?" అని అడిగే మనిషి అవతలి పేటలో ఉంటాడు. ఆ ఒక్క ఫోన్ కాల్ చాలా ఘోరాల్ని ఆపుతుంది.

కాబట్టి మీ పదిమందిలో ఎవరెవరున్నారో చూసుకోండి. అందరూ ఒకే వీధి, ఒకే కులం, అందరూ మగపిల్లలే అయితే సంఘం పెట్టకముందే ఆగి, మిగతా పేటలకి వెళ్లండి. ఇది అలంకారానికి చెప్పడం లేదు. శివారు పేట మనిషి కార్యవర్గంలో ఉంటేనే శివారు డ్రెయిన్ సంగతి ఎజెండాలోకి వస్తుంది.

రిజిస్ట్రేషన్ గురించి తొందరపడకండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో అయిపోతుంది. అది తేలికే. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కార్యవర్గం జాబితా, లెక్కలు ఇవ్వడమే చాలామంది చేయలేనిది. ముందు కొన్నాళ్లు రిజిస్ట్రేషన్ లేకుండానే నెలకోసారి కూర్చుని చూడండి. హాజరు, తీర్మానం, ఎవరు ఒప్పుకోలేదు, ఎందుకు ఒప్పుకోలేదు, అన్నీ రాయండి. ఒప్పుకోనివాళ్ల మాట రాయడం ముఖ్యం. తన అభ్యంతరం పుస్తకంలో ఉందని తెలిస్తే మనిషి సంఘం వదిలిపోడు. అధ్యక్షుడు వరసగా రెండు విడతలు మించి ఉండకూడదని మొదటి రోజే నియమావళిలో పెట్టండి. తర్వాత పెడదామంటే అప్పటికే కుర్చీలో ఉన్న మనిషి నొచ్చుకుంటాడు. పదవిలో ఉన్నవాళ్లు పంచాయతీకో, ఎంపీటీసీకో పోటీ చేయాలనుకుంటే సంఘం పదవికి రాజీనామా చేసి వెళ్లాలి. రాజకీయాల్లోకి వెళ్లడం తప్పు కాదు, మంచివాళ్లు వెళ్లాలి కూడా. సంఘం పేరును జేబులో వేసుకుని వెళ్లడమే వద్దు.

చందాలు సభ్యుల దగ్గరే తీసుకోండి, నెలకి ఇరవై రూపాయలైనా సరే. వినాయక చవితికి ఎవరో లక్ష ఇస్తానంటారు, ఫ్లెక్సీ మీద ఫోటో వేయమంటారు. ఆ ఫోటో ఒకసారి పడితే మీ సంఘం ఎవరిదో ఊళ్లో తేలిపోతుంది. కాంట్రాక్టు పనులు కూడా సంఘం పేరున తీసుకోవద్దు. నీటి సంఘాల్లో మంచివాళ్లు చెడ్డపేరు తెచ్చుకున్నది ఎక్కువగా పూడికతీత బిల్లుల దగ్గరే.

మొదటి పని చిన్నది, కనపడేది పట్టుకోండి. మీ ప్రాంతంలో అయితే డ్రెయిన్ సరైన పని. చేపల చెరువుల నీళ్లు, గుర్రపుడెక్క, పూడిక, అన్నీ అందులోనే ఉన్నాయి. వరి రైతుకీ చెరువుల రైతుకీ అక్కడ తగువుంది కాబట్టి ఇద్దర్నీ పిలవాల్సిందే. డ్రెయిన్ వెంబడి నడిచి ఎక్కడెక్కడ మూసుకుపోయిందో ఫోటోలు తీయండి. గత పనుల బిల్లుల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అది చేతికొచ్చాక గ్రామసభలో పెట్టండి, తీర్మానం రాసేదాకా లేవకండి. ఆ కాపీతో డ్రైనేజీ ఏఈ దగ్గరికి వెళ్లండి. ఇదంతా ఫిబ్రవరి, మార్చిలోపే అయిపోవాలి. ఏప్రిల్లో కాలువలు కట్టేశాక జూన్‌లో నీళ్లు వదిలే దాకా ఉన్న కొద్ది వారాల్లోనే పూడిక పనులు జరుగుతాయి. అంచనాలు అంతకు ముందే పైకి వెళ్లిపోతాయి. మే నెలలో అర్జీ ఇస్తే వచ్చే ఏడాది చూద్దాం అంటారు.